గిడ్డంగిలో వెలసిన గృహము

సోదరీమణులారా! "డీజే" యను మాట వినగానే మనలో ననేకులకు గుండెదడ పుట్టును. పెండ్లి ఊరేగింపునకు ముందు నడచు బండిమీద నిలువెత్తు పెట్టెలు పేర్చి, వీధిలోని కిటికీ తలుపులు గిలగిల కొట్టుకొనునట్లు మ్రోగించు ఘోషకే మన ప్రాంతములలో డీజే యని పేరు స్థిరపడినది. వినాయక నిమజ్జనమునాడును అదియే. పసిబిడ్డలు ఉలికిపడి లేతురు. వృద్ధులు చెవులలో దూది పెట్టుకొందురు. పరీక్షలకు చదువుకొను పిల్లలు పుస్తకము మూసివేయుదురు. నేనును ఆ మాటను తిట్టుగానే వాడుచుంటిని.

గడచిన సంక్రాంతికి మా మరిది మాయింటికి వచ్చియుండెను. ఒకనాటి మధ్యాహ్నము అతడు వసారాలో కూర్చుండి, చెవులలో ఏమో తగిలించుకొని, కన్నులు మూసి తల ఊపుచుండెను. ఏమి వినుచున్నావని అడిగితిని. "దీన్ని హౌస్ అంటారు వదినా" అనెను. "హౌస్ అంటే ఇల్లే కదా! ఇంట్లో ఇంత చప్పుడుంటే కాపురం చేసినట్టే" అని నవ్వితిని. "చప్పుడు కాదు. ఐదు నిమిషాలు ఓపిక పట్టు, నీకే తెలుస్తుంది" అని ఆ పరికరమును నా చెవికి తగిలించెను. మొదట తాళము మాత్రము వినవచ్చెను. ఆ తాళముమీద మెల్లగా పిల్లనగ్రోవివంటి యొక స్వరము వచ్చి, తొందర లేక, ఏటి యొడ్డున నడచు మనిషివలె నడువసాగెను. అందు పాట లేదు, మాట లేదు; ఐనను మనసు కుదుటపడెను. ఇది యెవరి పని యని అడుగగా, ఫ్రాంకీ నకిల్స్ అను డీజే చేసినదని అతడు చెప్పెను.

డీజే యనువాడు ఇంత నెమ్మదిగ నుండగలడా యని నాకు వింత తోచెను. నాటినుండి ఆయన చరిత్రను అడిగియు, చదివియు తెలిసికొంటిని. ఆ చరిత్ర సంగీతమును గూర్చినదే కాక ఇంటిని గూర్చినది కూడ నగుటచే మీకు చెప్పదలచితిని. ఇల్లు మన విషయము కదా!

డీజే యనగా డిస్క్ జాకీ. డిస్క్ అనగా గ్రామఫోను పళ్లెము. జాకీ యనగా పందెపు గుఱ్ఱమును నడుపువాడు. నర్తనశాలలో కూర్చుండు డీజే తాను పాడడు, వాద్యము వాయింపడు. ఇతరులు పాడిన పళ్లెములను ఒకదానివెనుక నొకటి వేయును. ఇది యేమంత విద్య యని మీరడుగవచ్చును. నేనును అడిగితిని. అతని ముందు తిరుగు పీటలు రెండుండును. ఒక పీటమీది పళ్లెమును సభ యంతయు వినుచుండగా, రెండవ పీటమీది పళ్లెమును అతడొక్కడే చెవికి తగిలించుకొన్న శ్రవణయంత్రములో వినును. రెండు పాటల నడక ఒకటి కాదు. ఒకటి నిమిషమునకు 118 దెబ్బల వేగముతో నడచిన, రెండవది 122 దెబ్బలతో నడువవచ్చును. పళ్లెము తిరుగు వేగమును మీటతో సవరించి, రెండు తాళములును ఒకే చోట పడునట్లు చేసి, మొదటిదాని ధ్వనిని తగ్గించుచు రెండవదానిని పెంచును. ఆడువారి అడుగు తప్పదు. ఒక పాట ముగిసి వేఱొకటి వచ్చినదని వారికి తెలియనే తెలియదు. ఒక చెవి సభకును, ఒక చెవి రాబోవు పాటకును అప్పగించి రాత్రియంతయు తడబడకుండుట యెట్టిదో, అవధానసభ చూచినవారికి కొంత బోధపడగలదు.

ఫ్రాంకీ 1955 జనవరి 18 న న్యూయార్కు నగరములోని బ్రాంక్స్ భాగమున నల్లజాతి కుటుంబములో జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫ్రాన్సిస్ నికల్స్. నకిల్స్ అనునది పిదప వచ్చిన ముద్దుపేరు. దానికి వ్రేళ్ల కణుపులని అర్థము. యౌవనమున అతడు నేర్వబూనినది సంగీతము కాదు, వస్త్రముల రూపకల్పన. ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ యను విద్యాలయములో చదువుచుండెను. లారీ లెవన్ అను ప్రాణమిత్రుడొకడు అతనికుండెను. వీరిద్దఱును నికీ సియానో యను యువకుడు నడుపుచుండిన గ్యాలరీ యను నర్తనశాలలో పనికి కుదిరిరి. ఏమి పని? బుడగలు ఊదుట, శాలను అలంకరించుట. పందిరి వేయ వచ్చినవాడు మంత్రములు కంఠస్థము చేసి పురోహితుడైనట్లు, అలంకరింప వచ్చిన ఈ పిల్లలు పళ్లెములు వేయుట నేర్చుకొనిరి.

తరువాత అన్సోనియా యను పెద్ద హోటలు క్రింది అంతస్తులోని కాంటినెంటల్ బాత్స్ అను పురుషుల స్నానశాలలో లెవన్‌కు పని దొరికెను. అక్కడ నర్తనశాలయు, గానవేదికయు నుండెను. బెట్ మిడ్లర్ అను ప్రసిద్ధ గాయని తొలిదినములలో పాడి పేరు తెచ్చుకొన్న వేదిక అదియే. ఫ్రాంకీ మిత్రునకు తోడుగ నుండి, అతడు వెళ్లిన పిదప తానే ఆ పీఠమునెక్కి, 1976 లో ఆ స్థలము మూతపడువరకు నిలిచెను.

ఇక్కడ నొక మాట దాచక చెప్పవలయును. అచ్చటికి వచ్చువారు స్త్రీలయందు గాక పురుషులయందే అనురాగము గల పురుషులు. ఫ్రాంకీయును అట్టివాడే. ఇది చదివి పుట త్రిప్పివేయబోవు సోదరి యెవరైన నున్నయెడల క్షణము నిలువవలెనని వేడెదను. ఈ సంగతిని విడిచి ఆయన చరిత్ర చెప్పుట, బావిని విడిచి నీటిని గూర్చి చెప్పుటవంటిది. ఇట్టి అనురాగము నేరము కాదని మన సర్వోన్నత న్యాయస్థానము 2018 సెప్టెంబరు 6 న తీర్పు చెప్పినది. అంతకు పూర్వము నూటయేబది సంవత్సరములకు పైగా మన చట్టములో అది నేరమే. నాటి అమెరికాలోను ఇట్టివారికి అండ లేదు. 1969 జూనులో న్యూయార్కులోని స్టోన్‌వాల్ అను పానశాలపై రక్షకభటులు దాడి చేయగా, అక్కడివారు ఓపిక నశించి ఎదురు తిరుగుట చరిత్ర కెక్కినది. నల్లవారైనచో కష్టము రెండింతలు. పరుల నర్తనశాలలలో చర్మమును చూచి త్రోసివేయుదురు. స్వజనము నడుమ స్వభావమును చూచి త్రోసివేయుదురు. పుట్టిన ఇంటనుండి వెడలగొట్టబడిన పదునేడు, పదునెనిమిదేండ్ల పిల్లలు వారిలో ననేకులు.

1977 లో రాబర్ట్ విలియమ్స్ అను నతడు చికాగో నగరములో నర్తనశాల నొకటి తెఱచుటకు పూనుకొనెను. అతడు తొలుత లారీ లెవన్‌ను పిలిచెను. లెవన్ న్యూయార్కు విడిచి రాననెను. అప్పుడు ఫ్రాంకీని పిలువగా అతడు సరే యని, ఇరువదిరెండేండ్ల ప్రాయమున, తానెఱుగని ఊరికి తరలిపోయెను. దక్షిణ జెఫర్సన్ వీధిలో 206 వ సంఖ్య గల మూడంతస్తుల కర్మాగారపు కట్టడమే ఆ శాల. దానిని జనులు వేర్‌హౌస్ అని పిలిచిరి. వేర్‌హౌస్ అనగా మన గిడ్డంగి. అందు మద్యము అమ్మరు. పండ్లరసములును, మంచినీళ్లును ఇత్తురు. శనివారము అర్ధరాత్రి మొదలైన ఆట ఆదివారము ప్రొద్దెక్కువరకు సాగెడిది. వచ్చువారిలో నెక్కువమంది నల్లజాతి యువకులును, లాటిన్ అమెరికా దేశములనుండి వచ్చిన కుటుంబముల యువకులును.

హరికథ చెప్పు దాసుగారిని మీరు చూచియే యుందురు. నడిరేయి సభ కునుకుపాట్లు పడుచున్నప్పుడు గజ్జె ఘల్లుమనిపించి పిట్టకథ నొకటి విసరుదురు. సభ కరిగియున్నప్పుడు పద్యము నెత్తుకొందురు. కథ పుస్తకములో నున్నను, సభ ముఖము చూడక ముందుకు పోరు. ఫ్రాంకీ పనియు నిట్టిదే. ఏ పాట తరువాత ఏది వేయవలెనో ముందుగ వ్రాసికొనిన కాగితము పనికిరాదు. ఎవరు అలసిరో, ఎవరు గోడకానుకొని బిడియపడుచున్నారో, ఎప్పుడు వేడి పెంచవలెనో, ఎప్పుడు ఊపిరి తీసికొననీయవలెనో చూచుకొనుచు నడుపవలయును. మన భాషలో చెప్పవలెనన్న ఇది వడ్డన. పప్పు కలుపుకొనకమున్నే పెరుగు వడ్డించు ఇల్లాలుండదు. విస్తరిని చూచియే గరిటె కదలును. ఒక్కొక్కప్పుడు ఆయన దీపములన్నియు ఆర్పించి, ఆ కటిక చీకటిలో పొగబండి మీదికి దూసికొని వచ్చు ధ్వనిని వినిపించెడివాడట! జనులు కేకలు వేసి, పిదప నవ్వి, మరల ఆటలో పడెడివారు.

దైవకృపనుండి జారిపడిన బిడ్డలకు ఆ శాల దేవాలయము వంటిదని ఆయన పిమ్మట చెప్పెను. శనివారము రాత్రి వచ్చి ఆదివారము వెళ్లువారు ఆ మాటను వట్టి అలంకారముగ తలపలేదు. వారములో ఆరు దినములు ఒకచోట నల్లవాడవని, ఒకచోట ఇట్టివాడవని తల వంచుకొని తిరిగినవాడు, ఏడవనాడు తల యెత్తి నిలుచు చోటు అదియొక్కటే.

"హౌస్" అను పేరు పుట్టిన విధము వినదగినది. చికాగోలో ఇంపోర్ట్స్ అను పళ్లెముల దుకాణమునకు యువకులు వచ్చి, గిడ్డంగిలో విన్న పాటలు కావలెనని అడుగుచుండిరి. దుకాణమువారు అట్టి పళ్లెములను వేఱుగ నుంచి "వేర్‌హౌస్‌లో వినిపించునవి" యని చీటి యంటించిరి. వాడుకలో వేర్ జారిపోయి హౌస్ నిలిచెను. ఒకనాడు ఫ్రాంకీ బండిలో పోవుచు, ఒక పానశాల కిటికీలో "ఇచ్చట హౌస్ సంగీతము వినిపింపబడును" అను ప్రకటన చూచి, ఇదేమి సంగీతమని ప్రక్కనున్న మిత్రుని అడిగెనట! నీవు వేయుచున్నదే యని అతడు చెప్పెనట! బిడ్డకు ఊరు పేరు పెట్టిన పిదప తండ్రికి తెలిసినదన్నమాట. గిడ్డంగి పేరు అరిగి ఇల్లయ్యెను. ఇల్లు లేనివారి సంగీతమునకు ఇల్లని పేరు వచ్చెను.

ఆ దినములలో వారు ఆడిన పాటలు డిస్కో పాటలు. 1979 జూలై 12 న చికాగోలోనే కామిస్కీ పార్కు అను క్రీడాస్థలములో ఒక వింత జరిగెను. రేడియోలో పనిచేయు స్టీవ్ డాల్ అను నతడు డిస్కోపై ద్వేషము ప్రకటించి, డిస్కో పళ్లెము నొకటి తెచ్చినవారికి 98 సెంట్లకే ప్రవేశమని చాటించెను. రెండు ఆటల నడుమ ఆ పళ్లెములను కుప్పవేసి మందుగుండుతో పేల్చిరి. సుమారు 50,000 మంది చేరిన జనములో వేలకొలది మైదానముమీద పడి అల్లరి చేయగా రెండవ ఆట జరుగనే లేదు. అది వేడుకకు చేసితిమని వారనిరి. కాని ఆ పళ్లెములమీద పాడినవారిలో నెక్కువమంది నల్లజాతి స్త్రీలును పురుషులును. తమ పాట మండుచుండగా చూచినవారికి అందు వేడుక కనబడలేదు. ఆ పిదప పెద్ద వర్తక సంస్థలు డిస్కో పళ్లెములు వేయించుట తగ్గించెను.

క్రొత్త పళ్లెములు రాకున్న ప్రతి శనివారమును వడ్డన యెట్లు? లేమిలోనే విద్య పుట్టును. మన అమ్మమ్మలు చినిగిన చీరలను పాఱవేయక, గట్టి భాగములు కత్తిరించి, అంచు అంచును చేర్చి, బొంతలు కుట్టెడివారు. ఫ్రాంకీ పాత పాటలను అట్లే చేసెను. పాటను టేపుమీదికెక్కించి, ఆటకు అనుకూలమైన భాగమును పదునైన కత్తితో కోసి, దానిని రెండుమాఱులు, నాలుగుమాఱులు అతికి, మూడు నిమిషముల పాటను ఏడెనిమిది నిమిషముల పాటగ పెంచెను. వస్త్రవిద్య నేర్వబోయిన చేయి ఊరక పోలేదు. ఫస్ట్ చాయిస్ అను స్త్రీల బృందము పాడిన "లెట్ నో మ్యాన్ పుట్ అసండర్" అను పాటకు 1983 లో అచ్చయిన ఆయన కూర్పు ఈ విద్యకు పేరెన్నిక గన్నది. ఇట్లు ఉన్న పాటను విప్పి మరల కుట్టుటకే రీమిక్స్ అని పేరు.

అదే సమయమునకు జపానునుండి యంత్రపు మద్దెలలు వచ్చెను. రోలాండ్ అను సంస్థ 1980 లో టి.ఆర్. 808 ను, 1983 లో టి.ఆర్. 909 ను చేసెను. నిజమైన మద్దెలవలె మ్రోగుట లేదని ధనికులైన విద్వాంసులు వానిని పెదవి విఱచి విడిచిరి. 808 యంత్రములు మొత్తము సుమారు 12,000 మాత్రమే తయారై ఆగిపోయెను. అవి పాతసామానుల దుకాణములలో చౌకగ దొరకుటచే బీద పిల్లల చేతికి చిక్కెను. మన దేశములోను, 1982 లో బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్, ఇదే 808 ను ప్రక్క నుంచుకొని పది హిందూస్థానీ రాగములను డిస్కో నడకకు కూర్చి పళ్లెము వేసెను. చికాగో యువకులు ఆ యంత్రములలో ఎడతెగని చతురశ్ర గతిని కట్టి, దానిమీద క్రొత్త పాటలు చేయసాగిరి. ఫ్రాంకీ తన 909 ను డెట్రాయిట్ నగర యువకుడు డెరిక్ మే వద్ద కొనెనని ప్రసిద్ధి. పళ్లెము తిరుగుచుండగా ఆ యంత్రపు మద్దెలను క్రింద చేర్చి పాటకు బలము కలిగించెడివాడు. హౌస్ సంగీతము డిస్కో తీర్చుకొన్న పగ యని ఆయన నవ్వుచు చెప్పెడివాడు. పగ యనగా ఇదియే: కాల్చినవారి ఊరిలోనే మరల మొలకెత్తుట.

గిడ్డంగిలో జనము హెచ్చి, ప్రవేశరుసుము పెరిగి, తొలినాటి ఆప్యాయత తగ్గగా, 1982 తో ఆయన అది విడిచి పవర్ ప్లాంట్ అను శాలను తానే నెలకొల్పెను. జేమీ ప్రిన్సిపల్ అను సిగ్గరి యువకుడొకడు ప్రియురాలికొఱకు వ్రాసి, ఇంటనే స్వరపఱచి, టేపుమీద పాడుకొన్న "యువర్ లవ్" అను పాట ఆయన చేతికి వచ్చెను. పళ్లెముగ అచ్చు కాకమున్నే ఆ టేపును ఆయన ప్రతి వారమును వినిపించెను. జనులు ఆ పాట దుకాణములో దొరకదని తెలిసి, దానికొఱకే అచ్చటికి వచ్చిరి. ఫ్రాంకీ దానిని మెఱుగుపఱచెను. 1987 లో ట్రాక్స్ సంస్థ పళ్లెము వేసినప్పుడు దానిమీద ఫ్రాంకీ పేరు మాత్రమే యుండెను. వ్రాసి పాడినవాని పేరు లేదు. గొప్పవారి చరిత్రలో ఇట్టివి కప్పిపుచ్చుట మన వాడుక. కాని వంట చేసినది ఒకరై మెప్పు వేఱొకరికి పోవుట ఎట్లుండునో మనకు తెలియనిది కాదు గనుక చెప్పుచున్నాను. ఆనాడు పళ్లెములు చేసిన చికాగో యువకులలో ననేకులకు రావలసిన సొమ్మును చేతికి రాలేదు.

1987 లోనే ఆయన న్యూయార్కునకు తిరిగివచ్చెను. అక్కడ డేవిడ్ మొరాలెస్ అను డీజేతో కూడి డెఫ్ మిక్స్ అను సంస్థలో పనిచేసెను. దాని సూత్రధారిణి జూడీ వైన్‌స్టీన్ అను స్త్రీ. పురుషులు రాత్రి వాయించి కీర్తి పొందుచుండగా, ఒడంబడికలు వ్రాయించి, బాకీలు వసూలు చేసి, ఆ కీర్తికి కూడుగుడ్డలు సమకూర్చినది ఆమె. 1989 లో సతోషి తొమీయే యను జపాను యువకునితో కలిసి చేసి, రాబర్ట్ ఓవెన్స్ చేత పాడించిన "టియర్స్" ప్రసిద్ధి పొందెను. 1991 లో ఎరిక్ కప్పర్‌తో కలిసి చేసిన "ది విజిల్ సాంగ్" అమెరికా నర్తనసంగీతపు పట్టికలో మొదటి స్థానమునకెక్కెను. సంక్రాంతినాడు నా చెవిని పడినది ఆ పిల్లనగ్రోవియే. చాకా ఖాన్, లీసా స్టాన్స్‌ఫీల్డ్, టోనీ బ్రాక్స్‌టన్ మొదలగు గాయనీమణుల పాటలకు ఆయన రీమిక్స్ చేసెను. గాయని కంఠమును మద్దెల క్రింద అణచక, పీటవేసి కూర్చుండబెట్టి చుట్టును దీపములు పెట్టినట్లు చేయుట ఆయన పద్ధతి. 1998 లో గ్రామీ బహుమానమువారు రీమిక్స్ చేయువారికొఱకు మొట్టమొదట బహుమతి నేర్పఱచినప్పుడు అది ఆయనకే వచ్చెను.

ఐనను ఆయనను తుదివఱకు అండర్‌గ్రౌండు డీజే యనియే పిలిచిరి. అండర్‌గ్రౌండు అనగా దొంగతనము కాదు. పెద్ద ప్రకటనలు, రేడియోల ఊతము లేక నోటిమాటతోనే తెలియుట. పెద్దలు వినకమున్నే చిన్నవారు విన్నది యని అర్థము. పెద్దలును కాలక్రమమున వినిరి. 2004 ఆగస్టు 25 ను చికాగో నగరము ఫ్రాంకీ నకిల్స్ దినముగ ప్రకటించి, గిడ్డంగి యున్న జెఫర్సన్ వీధి భాగమునకు ఆయన పేరు పెట్టెను. అందులకు తోడ్పడినవారిలో నప్పటి రాష్ట్ర శాసనసభ్యుడు బరాక్ ఒబామా యొకరు. ఒకనాడు రక్షకభటుల వెఱపుతో చేరిన వీధికి నగరమే ఆ పేరు వ్రాసి స్తంభము నాటెను.

శరీరము మాత్రము సహకరింపలేదు. ఆయనకు మధుమేహము సంప్రాప్తించెను. మంచుపై జారు ఆటలో విఱిగిన పాదము మానక, విశ్రాంతి తీసికొనక పనిచేయుటచే వ్యాధి ముదిరి, 2008 లో ఆ పాదమును తొలగింపవలసివచ్చెను. మధుమేహము గలవారి పాదమునకు తగిలిన చిన్న దెబ్బను గూడ ఉపేక్షింపరాదని మన ఇండ్లలో పెద్దలకు చెప్పుటకు ఇది తగిన ఉదాహరణము. ఆ పిదపను ఆయన పని మానలేదు. 2014 మార్చి చివర లండనులోని మినిస్ట్రీ ఆఫ్ సౌండ్ అను శాలలో పళ్లెములు వేసి చికాగోకు తిరిగివచ్చి, మార్చి 31 న కన్నుమూసెను. వయస్సు 59 సంవత్సరములు. ప్రాణమిత్రుడు లెవన్ 1992 లోనే గతించియుండెను.

ఆయన పళ్లెములు, సుమారు 5,000, నేడు చికాగో దక్షిణ భాగమున స్టోనీ ఐలాండ్ ఆర్ట్స్ బ్యాంకు అను భవనములో నున్నవి. 1923 లో కట్టి పిదప పాడుపడిన ఆ బ్యాంకును థియాస్టర్ గేట్స్ అను శిల్పి నగరమువద్ద ఒక డాలరునకు తీసికొని బాగుచేయించి, 2015 లో తెఱచెను. ధనము దాచిన ఇంటిలో పాటలు దాచిరి. గిడ్డంగి కట్టడమును 2023 జూనులో నగరసభ చారిత్రక చిహ్నముగ నిర్ణయించెను. ఇక దానిని పడగొట్టరాదు.

ఇంతవఱకు పరుల చరిత్ర. ఇక నాది కొంచెము చెప్పి ముగించెదను.

పదేండ్ల క్రిందట మా వారియొద్ద చదువుకొన్న పిల్లవాడొకడుండెను. పద్యము చక్కగ పాడెడివాడు. నడక, మాట, చేయి త్రిప్పుట ఆడపిల్లవలె నున్నవని తోడివారు గేలి చేసెడివారు. ఒకనాటి సాయంకాలము వానలో తడిసి, చేతిసంచితో మా గుమ్మములోనికి వచ్చెను. తండ్రి ఇంటనుండి పొమ్మనెనట! మా వారు పరీక్షల పనిమీద ఊరు వెళ్లియుండిరి. నేను వానిని అరుగుమీద కూర్చుండబెట్టి, తువ్వాలు ఇచ్చి, అన్నము పెట్టితిని. లోనికి రమ్మని మాత్రము పిలువలేదు. పొరుగింటివారు ఏమనుకొందురో యని తలుపు జేరవేసి పడుకొంటిని. తెల్లవారి చూచునప్పటికి పిల్లవాడు లేడు. తిన్న కంచము కడిగి గోడకు చేర్చి, తువ్వాలు మడిచి దానిప్రక్కన నుంచి వెళ్లెను. మా వారు తిరిగివచ్చి, "రాత్రి లోపల పడుకోమనలేదా?" యని ఒక్కమాట అడిగిరి. నాకు బదులు దొరకలేదు. అతిథి దేవుడని చదివినదానను, చెప్పినదానను నేనే.

ఫ్రాంకీ చరిత్ర చదువుచున్నంతసేపును ఆ కడిగిన కంచము నా కన్నులయెదుట నుండెను. అతనికి ఉన్నది పరుల గిడ్డంగి. గోడలకు సున్నమైన నుండెనో లేదో! ఆ అద్దెచోటును, ఇతరులు పాడిన పాటలను తీసికొని, వెడలగొట్టబడిన బిడ్డలకు ఇల్లనిపించినాడు. నాకు నిజమైన ఇల్లుండెను. పెంకులు, గడప, గడపకు పసుపు, దీపము, అన్నము, అన్నియు నుండెను.

ఆ పిల్లవాడు హైదరాబాదులో కుట్టుపని చేసికొనుచు బ్రదుకుచున్నాడని పాత విద్యార్థులవలన విని, ఈ మధ్య అతని చిరునామా సంపాదించితిమి. మా వారు జాబు వ్రాసిరి. దానిక్రింద నేనును రెండు పంక్తులు వ్రాసితిని: వేసవి సెలవులకు రమ్మనియు, నడిమి గదిలో మంచము వేయించితిమనియు. ఇంకను ప్రత్యుత్తరము రాలేదు. రావలెనని కోరుటకు నాకేమి హక్కు! మంచము మాత్రము తీయలేదు.

సోదరీమణులారా! ఊరేగింపు బండిమీది ఘోషను నేను నేటికిని మెచ్చను. మీరును మెచ్చనక్కఱలేదు. కాని మీ ఇంటి పిల్లవాడెవడైన చెవులకు తగిలించుకొని తల ఊపుచున్నయెడల, ఏమి వినుచున్నావని ఒకమాఱు అడుగుడు. అది హౌస్ అని చెప్పినచో, ఆ పేరు ఎట్లు వచ్చినదో మీరే వానికి చెప్పుడు. అరుగుమీద ఎవరైన కూర్చున్నయెడల వానలో చీకటి పడకమున్నే లోనికి పిలువుడు.